మందు వద్దని చెప్పగల రిపోర్టు

క్యాన్సర్ పేషెంట్ల ఇళ్ళకు ఈమధ్య ఒక కొత్త రకం రిపోర్టు వస్తోంది. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్కను ల్యాబ్‌లో మైనంలో బిగించి బ్లాకు చేస్తారు. ఆ బ్లాకును ఏ బెంగళూరుకో హైదరాబాదుకో ముంబయికో పంపితే, కొన్ని వారాలకు పేజీల కొద్దీ ఫైలు తిరిగివస్తుంది. జన్యువుల పేర్లు, అక్షరాలూ అంకెలూ కలిసిన సంకేతాలు, శాతాలు, వాటి పక్కన మందుల పేర్లు. ఇంట్లోవాళ్ళ చూపు సహజంగానే ఆ మందుల వరుస దగ్గర ఆగిపోతుంది. నెలకు లక్షలు పోయాల్సిన మందు పేరు కాగితం మీద అచ్చులో కనిపించాక, అది కొనకుండా ఉండటం ఏ కొడుక్కీ ఏ కూతురికీ తేలిక కాదు. పొలం అమ్మాలా, బంగారం కుదువపెట్టాలా అన్న లెక్క ఆ క్షణంలోనే మొదలవుతుంది. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చింది, ఏ ఆధారంతో వచ్చింది అని అడిగేవాళ్ళు అరుదు. ఆ వరుసను చాలావరకు నింపేది సాఫ్ట్‌వేర్ కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ఇవాళ ప్రతి కుటుంబానికీ సంబంధించిన విషయమే.

విశాఖ ఉక్కునగరానికి ఈ ప్రశ్న మరీ దగ్గరది. కూర్మన్నపాలెం దాటి హైవే మీద అనకాపల్లి వైపు కాస్త ముందుకెళితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉంది. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌లో అది ఒక భాగం. కేంద్ర అణుశక్తి విభాగం కింద నడుస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెలకూ ఒడిశా సరిహద్దు ఊళ్ళకూ క్యాన్సర్ వైద్యంలో పెద్ద దిక్కుల్లో అదొకటి. మ్యుటేషన్లకు అర్థం చెప్పే సాఫ్ట్‌వేర్ ఇలాంటి ఆసుపత్రికి కచ్చితంగా కావాలి. అయితే కొత్త మందులు వెతికిపెట్టడం కంటే, పనికిరాని మందును ధైర్యంగా కొట్టేయడం దాని మొదటి ఉపయోగం కావాలి. ఆ కొట్టివేత నమ్మదగినదిగా ఉండాలంటే అది పోల్చి చూసే లెక్కల్లో మన మనుషులు ఉండాలి. ఇప్పటివరకు అక్కడ మన వాటా చాలా తక్కువ.

స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్ళకు ఒక విషయం చెప్పనక్కర్లేదు. ఉక్కు కరిగించే విభాగమైన ఎస్‌ఎంఎస్‌లో హీట్, అంటే ఒక విడత కరిగిన ఉక్కు, తయారయ్యాక శాంపిల్ ల్యాబ్‌కు పోతుంది. కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం, భాస్వరం ఎంతెంత అన్నది స్పెక్ట్రోమీటర్ నిమిషాల్లో తేల్చేస్తుంది. ఆ హీట్ ఏ సరుకుకు పనికొస్తుందన్నది మాత్రం ఆ అంకెలు చెప్పవు, గ్రేడు పట్టిక చెబుతుంది. కణితి పరీక్షలోనూ సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చేది అంకెలే. ఫలానా జన్యువులో ఫలానా చోట ఫలానా అక్షరం మారింది అంటుంది, అంతవరకే. ఆ మార్పు క్యాన్సర్‌ను నడిపిస్తోందా, ఊరికే అక్కడ పడి ఉందా, దానికి మందు ఉందా, ఆ మందు ఈ అవయవంలో పనిచేస్తుందా అన్నవన్నీ వేరే పట్టికలో వెతకాల్సినవి. ఆ పట్టికను వెతికే పనినే వ్యాఖ్యాన సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

ఒక్క జన్యువును తీసుకుంటే ఆ వెతుకులాట ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు ముఖ్యమైనది. దానిలో కొన్ని మార్పులున్న కణితులు జెఫిటినిబ్ అనే మాత్రకు లొంగుతాయని 2004లో బయటపడింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 858వ స్థానంలో లూసీన్ బదులు ఆర్జినీన్ వచ్చినా, 19వ ఎక్సాన్‌లో (ప్రోటీన్‌కు సంకేతమిచ్చే జన్యు భాగంలో) చిన్న ముక్క ఎగిరిపోయినా మాత్ర పనిచేస్తుంది. అదే జన్యువు 20వ ఎక్సాన్‌లో అదనపు ముక్క చొరబడితే సాధారణంగా పనిచేయదు. 790వ స్థానంలో మార్పు వస్తే, అంతవరకు పనిచేసిన మాత్ర కూడా ఆగిపోతుంది. దానికి ఒసిమెర్టినిబ్ అనే మరో మందు రావలసి వచ్చింది. కాబట్టి ‘ఈజీఎఫ్ఆర్ పాజిటివ్’ అన్న రెండు మాటలతో ఏమీ తేలదు, ఏ మార్పో తెలియాలి. టాటా మెమోరియల్ డాక్టర్లు 907 మంది భారతీయ పేషెంట్లను పరీక్షించి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం మన దగ్గర ఈ మార్పులు 23 శాతం మందిలో ఉన్నాయి. యూరప్ మూలాలవాళ్ళ కంటే ఇది ఎక్కువ, తూర్పు ఆసియావాళ్ళ కంటే తక్కువ. అదే ఆసుపత్రి 2019లో మరో ఫలితం ప్రకటించింది. ఈ మార్పులున్న 350 మందిలో సగం మందికి జెఫిటినిబ్ ఒక్కటే ఇచ్చారు, మిగతా సగానికి దానితోపాటు కీమో కూడా కలిపారు. వ్యాధి మళ్ళీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం (మీడియన్) మొదటి వాళ్ళలో 8 నెలలు, రెండో వాళ్ళలో 16 నెలలు. జెఫిటినిబ్‌ను హైదరాబాద్ నాట్కో వంటి కంపెనీలు జెనెరిక్‌గా తయారుచేస్తున్నాయి. సరైన మార్పు దొరికి, సరిగ్గా చదివితే, సామాన్యుడికి అందే ధరలోనే రెట్టింపు కాలం దొరుకుతుందని దీని అర్థం. ఈ శాస్త్రం మీద ఆశ పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

ఒకే మార్పు రెండు అవయవాల్లో రెండు రకాలుగా ప్రవర్తించడం ఇంకో చిక్కు. బీరాఫ్ జన్యువులో 600వ స్థానంలో వచ్చే మార్పుకు వెమురాఫెనిబ్ అనే మందు 2011లో అనుమతి పొందింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో అది కణితులను కరిగించింది. అచ్చంగా అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు ఇస్తే పెద్దగా ఫలితం లేదు. పేగు కణాల్లో బీరాఫ్‌ను మూసేయగానే ఈజీఎఫ్ఆర్ దారి తెరుచుకుని కణితిని మళ్ళీ పెంచుతోందని 2012లో కనుక్కున్నారు. రెండు దారులనూ కలిపి మూసే మందుల జోడీకి అమెరికాలో అనుమతి దొరికేసరికి 2020 వచ్చింది. ఇవన్నీ ఏ ఒక్క డాక్టరూ వేల జన్యువులకు గుర్తుపెట్టుకోలేడు. అందుకే ఆంకోకేబీ, సివిక్ వంటి జ్ఞానభాండాగారాలు పుట్టాయి. మొదటిది న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి నడిపేది. రెండోది అమెరికాలోని సెయింట్ లూయీలో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలై, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, ఎవరైనా ఆధారాలు చేర్చగలిగేలా తెరిచి ఉంచినది. ఈ మార్పుకు ఈ క్యాన్సర్‌లో ఈ మందు, దానికి ఆధారం ఈ ట్రయల్, ఆ ఆధారం ఎంత గట్టిది అని ఒక్కో వాక్యంగా వాటిలో నమోదవుతుంది. అమెరికాలోని మూడు వైద్య సంఘాలు కలిసి 2017లో ఆ గట్టిదనాన్ని నాలుగు మెట్లుగా విభజించాయి. మొదటి మెట్టులో వైద్యపరంగా బలమైన రుజువు ఉన్న మార్పులు. రెండోదానిలో కొంత ఆధారం ఉన్నవి. మూడోదానిలో అర్థం తెలియనివి. నాలుగోదానిలో హాని లేనివి. రిపోర్టు చేతికి వస్తే మందు పేరు కంటే ముందు చూడవలసింది ఈ మెట్టునే.

ఈ భాండాగారాలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయా? అంతంతమాత్రమే. ఆరింటిని కలిపి పోల్చిన అధ్యయనం 2020లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. 3,437 మార్పుల మీద 12,856 వ్యాఖ్యానాలు పోగుచేస్తే, వాటిలో ఎక్కువభాగం ఏదో ఒక్క భాండాగారంలో మాత్రమే ఉన్నాయి. అంటే ల్యాబ్ ఏ భాండాగారాన్ని వాడిందన్న దాన్నిబట్టి ఒకే కణితికి రెండు రిపోర్టుల్లో రెండు సమాధానాలు రావచ్చు. ఎవరి మోసమూ ఇందులో లేదు. వైద్యశాస్త్రం ఇంకా రాస్తూ ఉన్న పుస్తకాన్ని ఎవరికి అందిన పేజీలు వాళ్ళు చదువుతున్నారు. రిపోర్టు మాత్రం ఆ అనిశ్చితిని దాచి, ఒకే నిశ్చయమైన గొంతుతో మాట్లాడుతుంది.

మందు వద్దని చెప్పడమే మొదటి ఉపయోగం ఎందుకు కావాలో చెప్పడానికి కేరాస్ జన్యువు కంటే మంచి ఉదాహరణ లేదు. పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవాళ్ళకు సెటుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఇస్తారు. పెద్దపేగు కణితుల్లో దాదాపు 40 శాతం కేరాస్ మార్పుతో ఉంటాయి. ఆ మార్పు ఉన్నవాళ్ళకు ఈ మందు పనిచేయదని 2008లో స్పష్టమైంది, మరుసటి ఏడాదే అమెరికా ఔషధ సంస్థ మందు లేబుల్ మీద ఆ మాట చేర్చింది. అక్కడ పరీక్ష చేసిన మేలు కొత్త మందు చూపించడం కాదు. ఉపయోగం లేని మందు బాధ నుంచి, దాని ఖర్చు నుంచి పది మందిలో నలుగురిని తప్పించింది. రెండోవైపు ఫ్రాన్స్‌లో జరిగిన షివా ట్రయల్ ఉంది. మామూలు వైద్యాలన్నీ అయిపోయిన 195 మందిలో కొందరికి కణితి మార్పును చూసి, వేరే క్యాన్సర్‌కు అనుమతి ఉన్న మందు ఇచ్చారు. మిగతావాళ్ళకు డాక్టరు ఎంచుకున్న మామూలు మందు ఇచ్చారు. 2015లో ఫలితం వచ్చింది. వ్యాధి ముదరకుండా నిలిచిన కాలం మొదటివాళ్ళలో 2.3 నెలలు, రెండోవాళ్ళలో 2 నెలలు. గణాంకాల లెక్కలో తేడా లేదన్నట్టే. బలహీనమైన ఆధారంతో జన్యువుకు మందు అతికించడం ఎలా ముగుస్తుందో ఆ ట్రయల్ చెప్పింది. అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ళలో 2018 నాటికి జన్యు ఆధారిత మందుకు అర్హులు 8.33 శాతమేనని, వాళ్ళలోనూ నిజంగా లాభపడేవాళ్ళను లెక్కిస్తే మొత్తంలో 4.90 శాతమేనని ఒక అంచనా. ఆ తర్వాత మందులు పెరిగాయి, అర్హులూ పెరిగారు. అయినా రిపోర్టు అందుకునేవాళ్ళలో ఎక్కువమందికి నిజాయితీ గల సమాధానం ‘ప్రస్తుతానికి దీనికి ప్రత్యేకమైన మందు లేదు’ అన్నదే. ఆ వాక్యాన్ని మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో రాయగల ధైర్యం రిపోర్టుకు ఉండాలి.

ఆ ధైర్యానికి ఆధారం కావలసిన చోటనే మన లోటు బయటపడుతుంది. ప్రతి మనిషి డీఎన్ఏ ప్రామాణిక నమూనా కంటే 40 నుంచి 50 లక్షల చోట్ల వేరుగా ఉంటుంది. అవి తల్లిదండ్రుల నుంచి వచ్చినవి, కణితితో సంబంధం లేనివి. కణితిలో కొత్తగా పుట్టిన మార్పులను పట్టుకోవాలంటే ముందు ఈ వారసత్వ మార్పులను తీసేయాలి. దానికి ఉత్తమమైన పద్ధతి అదే పేషెంటు రక్తాన్ని కూడా పక్కనే పరీక్షించడం. రక్తంలోనూ కణితిలోనూ ఉన్నది వారసత్వం, కణితిలో మాత్రమే ఉన్నది క్యాన్సర్‌ది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా ల్యాబులు రక్తాన్ని వదిలేసి కణితిని మాత్రమే చదువుతాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ జనాభా జాబితాలను ఆశ్రయిస్తుంది. ఈ మార్పు ఆరోగ్యవంతుల్లో ఎక్కడైనా కనిపించిందా అని వెతుకుతుంది. కనిపిస్తే తీసేస్తుంది, కనిపించకపోతే కణితిదే అనుకుంటుంది. 815 మంది కణితినీ, వాళ్ళ సొంత ఆరోగ్య కణజాలాన్నీ కలిపి చదివిన అధ్యయనం అమెరికాలో 2015లో వచ్చింది. కణితిని ఒంటరిగా చదివితే, ఎంపిక చేసిన జన్యువుల పరీక్షలో దొరికినవాటిలో 31 శాతం, ప్రోటీన్లకు సంకేతమిచ్చే భాగాలన్నిటినీ చదివే ఎక్సోమ్ పరీక్షలో 65 శాతం నిజానికి వారసత్వ మార్పులేనని తేలింది. మందుతో ముడిపడిన జన్యువుల్లో కూడా ఈ పొరపాటు జరిగింది.

ఆ జనాభా జాబితాల్లో తెలుగువాళ్ళు ఎంతమంది? ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టు 2015లో పూర్తయింది. 26 సముదాయాల నుంచి 2,504 మంది అందులో ఉన్నారు. ఒక సముదాయం పేరు అక్షరాలా ‘బ్రిటన్‌లోని భారతీయ తెలుగువారు’. వాళ్ళు 102 మంది. బ్రిటన్‌కు వలస వెళ్ళిన ఆ 102 మంది తమ రక్తం ఇచ్చి చేసిన ఉపకారం చిన్నది కాదు, లేకపోతే ఆ జాబితాలో తెలుగు అన్న మాటే ఉండేది కాదు. కానీ ఏ సీతంపేట సవరవాళ్ళకో, భీమిలి మత్స్యకారులకో, రాయలసీమ నేతపనివాళ్ళకో వాళ్ళు ప్రతినిధులు కాలేరు. మన దగ్గర పెళ్ళిళ్ళు తరతరాలుగా కులంలోనే జరిగాయి, మేనరికాలూ ఎక్కువ. అందువల్ల ఒక్కో సముదాయానికీ తనవే అయిన అరుదైన మార్పులున్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో 263 దక్షిణాసియా సముదాయాలను చూశారు. 81 సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవి. ఈ విషయంలో ఇంతకుముందు ప్రసిద్ధులైన ఫిన్లాండ్ వాళ్ళను, అష్కెనాజీ యూదులను కూడా అవి మించిపోయాయి. భారతీయుల 1,029 జీనోములు చదివిన ఇండిజెన్ ప్రాజెక్టులో దాదాపు 5 కోట్ల 59 లక్షల మార్పులు దొరికితే, వాటిలో 32 శాతం అప్పటి ప్రపంచ జాబితాల్లో లేనివే. మన పేషెంటు కణితిని ఒంటరిగా చదివే సాఫ్ట్‌వేర్‌కు ఆ 32 శాతంలో ఏది ఎదురైనా కణితి మార్పులాగే కనిపించవచ్చు.

దీన్ని సరిచేయడానికి మహా యంత్రాంగం అక్కర్లేదని చూపించింది కూడా టాటా మెమోరియలే. నవీ ముంబయిలోని దాని పరిశోధన కేంద్రం యాక్ట్రెక్‌లో అమిత్ దత్ బృందం 2016లో టీఎంసీ-ఎస్‌ఎన్‌పీడీబీ అనే చిన్న జాబితాను విడుదల చేసింది. క్యాన్సర్ వచ్చిన 62 మంది భారతీయుల ఆరోగ్య కణజాలం నుంచి 1,14,309 వారసత్వ మార్పులను సేకరించారు. అప్పటికే ఉన్న ప్రపంచ జాబితాతో వడపోసిన తర్వాత కూడా మిగిలిన మార్పుల్లో ఈ చిన్న జాబితా మరికొన్నిటిని దొంగ మార్పులుగా పట్టుకుంది. భారతీయుల నాలుక క్యాన్సర్‌లో 42 శాతం, పిత్తాశయ క్యాన్సర్‌లో 33 శాతం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 28 శాతం అలా ఎగిరిపోయాయి. 62 మంది సమాచారంతో ఇంత ఫలితం వచ్చింది! ఈ పరిశోధనలన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించిన అంకె ఇదే. ఆ తర్వాత జీనోమ్ ఇండియా కార్యక్రమం దేశంలోని 80కి పైగా సముదాయాల నుంచి దాదాపు పదివేల జీనోములు చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచింది. అది కణితి రిపోర్టులు తయారుచేసే ప్రతి ల్యాబ్ వడపోతలోకీ చేరాలి. ఆసుపత్రులు నమూనా పంపేటప్పుడు ‘మీరు భారతీయ జాబితాతో వడపోశారా, రక్తంతో పోల్చారా’ అని అడగడం మొదలుపెడితే ల్యాబులు మారక తప్పదు.

ఈ పొరపాటు కాగితం మీదే ఆగిపోదు, డబ్బుగా మారుతుంది. కణితిలో పది లక్షల అక్షరాలకు పది లేదా అంతకు మించి మార్పులుంటే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ ఇవ్వవచ్చని 2020 జూన్‌లో అమెరికా అనుమతించింది. డోసు ఖర్చు లక్షల్లో ఉండే మందు అది. వారసత్వ మార్పులు తీసేయకుండా లెక్కపెడితే ఆ సంఖ్య ఉబ్బుతుంది. ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ళలో ఈ ఉబ్బు ఎక్కువని, అలా ఎక్కువ లెక్క వచ్చినవాళ్ళకు ఆశించిన లాభం కలగదని 2022లో క్యాన్సర్ సెల్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అంటే ఏడు మార్పులున్న కణితికి పన్నెండు అని రిపోర్టు వచ్చి, ఆ అంకెను నమ్మి ఇల్లు తాకట్టు పెట్టే పరిస్థితి మన కుటుంబాలకే ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం ఉంది.

ఉత్తరాంధ్రకు ఇంకో లోటు కూడా ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్ళు చుట్ట వెలిగించిన కొనను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, అడ్డపొగ, వైద్య ప్రపంచానికి ఎప్పటి నుంచో తెలుసు. 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి అంగిలి మీద ఆ పొగ చేసే గాయాలను నమోదు చేసిన అధ్యయనం 1971లోనే వచ్చింది. గట్టి అంగిలి క్యాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదు. జ్ఞానభాండాగారాల్లోని ఆధారాలు ఎక్కువగా పాశ్చాత్య ట్రయళ్ళ నుంచి వచ్చినవి కాబట్టి, ఈ ఆడవాళ్ళ కణితులకు అవి చెప్పేది వేరే చోటి నుంచి తెచ్చుకున్న ఊహే. నోటి క్యాన్సర్‌లో భారతీయ శాస్త్రవేత్తల బృందం చిగుళ్ళు, బుగ్గల కణితులు 50 చదివి, యూఎస్‌పీ9ఎక్స్, ఆరిడ్2 వంటి ఐదు కొత్త జన్యువుల పాత్రను 2013లో బయటపెట్టింది. పొగాకు నమిలే దేశం తన కణితులను తానే చదువుకుంటే కొత్త సంగతులు దొరుకుతాయని అది నిరూపించింది. అంగిలి క్యాన్సర్‌కు ఆ పని చేయడానికి అగనంపూడి కంటే తగిన చోటు ఉండదు.

రేడియేషన్ యంత్రం కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళు ఉండగా, నొప్పికి మార్ఫిన్ అన్ని చోట్లా దొరకకపోతుండగా, జన్యువుల సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడటం విలాసం కాదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. 2022లో దేశంలో దాదాపు 14 లక్షల 61 వేల కొత్త క్యాన్సర్ కేసులుంటాయని ఐసీఎంఆర్ అంచనా. వాళ్ళలో ఎక్కువమందిని బతికించేవి ముందే కనిపెట్టడం, మంచి ఆపరేషన్, సమయానికి రేడియేషన్. ఇందులో సందేహం లేదు. ఆ డబ్బు తీసి ఈ పరీక్షల మీద పెట్టమని నేను అనను. కానీ పరీక్షలు ఎలాగూ జరుగుతున్నాయి, ప్రైవేటుగా, కుటుంబాల జేబు నుంచి. వాటిని సరిగ్గా చదివే పని మాత్రమే ఎవరిదీ కాకుండా పోతోంది. సివిక్ ఉచితం, భారతీయ జాబితాలు ప్రభుత్వ డబ్బుతో తయారైనవి. నమూనా నాణ్యత విషయంలో జిల్లా స్థాయిలోనే జాగ్రత్త పడవచ్చు. బఫర్ లేని ఫార్మాలిన్‌లో రోజుల తరబడి నానిన ముక్కలో డీఎన్ఏ దెబ్బతిని, సీ అక్షరం టీగా మారినట్టు అబద్ధపు మార్పులు కనిపిస్తాయి. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ముక్కను ఏ ద్రవంలో, ఎంతసేపు ఉంచాలో పట్టించుకోవడానికి కోట్లు అక్కర్లేదు.

కృత్రిమ మేధ ఇదంతా చేసిపెడుతుంది కదా అన్నది ఇప్పుడు బలంగా వినిపిస్తున్న వాదన. అందులో కొంత నిజం ఉంది. నార్త్ కరొలైనా యూనివర్సిటీలో 1,018 మంది కేసులను నిపుణుల బోర్డు చూసిన తర్వాత ఐబీఎం వాట్సన్‌కు ఇస్తే, 323 మందిలో బోర్డుకు కనిపించని అదనపు అంశాలను అది పట్టింది. ఒక్కో కేసుకు పట్టిన సమయం మూడు నిమిషాల లోపే. ఆ 323 మందిలో దాదాపు నాలుగోవంతు మంది విషయంలో కారణం, అంతకుముందు నెల రోజుల్లో కొత్త ట్రయల్ మొదలవడం. అనుభవజ్ఞుడైన డాక్టరు చాలు, యంత్రం ఎందుకు అనేవాళ్ళకు ఇదే సమాధానం. మనిషి జ్ఞాపకం నెల నెలా మారే జాబితాను మోయలేదు. అదే కంపెనీ అదే పేరుతో చేసిన వైద్య సలహా వ్యవస్థ మాత్రం నిజమైన పేషెంట్ల కంటే ఊహించి రాసిన కేసులతో శిక్షణ పొందిందని, కొన్ని సలహాలు ప్రమాదకరంగా ఉన్నాయని 2018లో బయటపడింది. 2023లో గూగుల్ డీప్‌మైండ్ ఆల్ఫామిస్సెన్స్‌ను విడుదల చేసింది. 7 కోట్ల 10 లక్షల ఒంటి అక్షర మార్పుల్లో 32 శాతం బహుశా హానికరం, 57 శాతం బహుశా హాని లేనివి అని అది వర్గీకరించింది. అద్భుతమైన పని. కానీ ప్రోటీన్ చెడిందా అన్న ప్రశ్నకే అది జవాబిస్తుంది. ఆ చెడిన ప్రోటీన్ మీద మందు పనిచేస్తుందా అన్నది మనుషుల మీద జరిగిన ట్రయల్ మాత్రమే చెప్పగలదు. అందుకే చివరి మాట ట్యూమర్ బోర్డుది కావాలి. క్యాన్సర్ డాక్టరు, పాథాలజిస్టు, జన్యు నిపుణుడు కలిసి కూర్చుని సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని కొట్టేయాలి లేదా ఒప్పుకోవాలి. టాటా మెమోరియల్ సంస్థల మధ్య, 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆసుపత్రుల మధ్య ఆన్‌లైన్‌లో అలా కూర్చోవడానికి దారి ఇప్పటికే ఉంది.

మరింత తీవ్రమైన అభ్యంతరం సమాచారం గురించి. కులాలవారీగా జన్యు సమాచారం పోగైతే రేపు పెళ్ళి సంబంధాల్లో, బీమాలో అది ఆయుధం కాదా? ఇది న్యాయమైన భయం. పైగా రక్తం కూడా చదివితే పేషెంటుతో ఆగకుండా, బీఆర్‌సీఏ వంటి జన్యువుల్లోని మార్పు వల్ల వచ్చే వారసత్వ క్యాన్సర్ ప్రమాదం కూతుళ్ళకూ చెల్లెళ్ళకూ ఉందని తెలిసిపోవచ్చు. దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార చట్టం 2023లో వచ్చింది, కానీ ఆసుపత్రి మంచం మీద సంతకం పెట్టే మనిషికి చట్టం ఒక్కటే రక్షణ కాదు. ఏ విషయం చదువుతారు, ఏది ఎవరికి చెబుతారు, పేరు తీసేసి ఏది జాబితాలోకి పంపుతారు అన్నది తెలుగులో, విడమరిచి, వద్దనే హక్కుతో సహా చెప్పాలి. అలా అడిగితే ఇవ్వడానికి మనవాళ్ళు వెనుకాడతారని అనుకోను. ఇవ్వకుండా ఉండిపోతే నష్టం ఎవరిదో ఇండిజెన్ చూపిన ఆ 32 శాతం అంకె చెబుతూనే ఉంది.

‘మందు లేదు’ అన్న తీర్పుకు తేదీ ఉంటుందన్నది కూడా మరవకూడదు. మనిషి కణితుల్లో కేరాస్ మార్పు 1982లో దొరికింది. దాన్ని నేరుగా అడ్డుకునే మందు అసాధ్యమని దాదాపు నలభై ఏళ్ళు అనుకున్నారు. 2021 మేలో సోటోరాసిబ్ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ జన్యువు 12వ స్థానంలో ఒక ప్రత్యేకమైన మార్పు ఉన్నవాళ్ళకే అప్పుడు దానికి అనుమతి దొరికింది. 2020లో ‘మందు లేదు’ అని చదివిన అదే ఫైలు ఏడాది తర్వాత ‘ఉంది’ అనాలి. సాఫ్ట్‌వేర్‌కు అది మళ్ళీ ఒకసారి నడిపే పని, నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ పని ఎవరి బాధ్యత, మారిన జవాబును పేషెంటుకు ఎవరు ఫోన్ చేసి చెప్పాలి అన్నది ముందే నిర్ణయించి ఉండాలి. రిపోర్టు మీద ఏ భాండాగారం, ఏ తేదీ వెర్షన్ వాడారో అచ్చు వేయాలి. యంత్రం ఇచ్చిన ముడి సమాచారం పేషెంటుకు ఇవ్వాలి. ఆసుపత్రి పాత ఫైళ్ళను ఏడాదికి ఒకసారైనా మళ్ళీ చదివించాలి. దానికి కొత్త బయాప్సీ అక్కర్లేదు, కొత్త బిల్లు అక్కర్లేదు, పాత ఫైలును దాచిపెడితే చాలు.